ఇరవై నిమిషాలు

పురిటి గది గుమ్మం నుంచి ఆస్పత్రి గుమ్మానికి
ఇరవై నిమిషాలు మించకూడదు.
కాగితంలో అంతే ఉంది.
ఏ ఋతువులోనో రాయలేదు,
ఎవరి కారులోనో రాయలేదు.

అందుకే నవంబరులో ఒక మంగళవారం
బోరోకా ఇంటి ముందు నుంచి,
మా నాన్న రైల్వేలో వాడిన గడియారం
పక్క సీటులో కూర్చోబెట్టుకుని బయల్దేరాను.

చెర్రీ తోట దాటేసరికి నాలుగు.
చక్కెరదుంపల ట్రాక్టరు వెనక, అది రాల్చిన బురదలో, మూడు.
ఆ తర్వాత గేటు పడింది.
ఒంటి పెట్టె రైలు, లోపల ఇద్దరు మనుషులు.
వాళ్ళ కోసం నా ఇరవైలోంచి ఆరు నిమిషాలు ఇచ్చేశాను.
ఆస్పత్రి మెట్ల దగ్గర ఇంజను ఆపితే
ఇరవై నాలుగు.

మళ్ళీ వెళ్ళాను.
అర్ధరాత్రి, గేటు తెరిచి ఉంటే, పద్దెనిమిది.
తెల్లవారుజామున, టీసా నది పొగమంచు దారికి అడ్డం పడుకుంటే,
ఇరవై రెండున్నర.

బోరోకా గసగసాల రొట్టె కోస్తూ
"పద్దెనిమిదని రాసెయ్ పిన్నీ,
రైలు రోజుకి ఆరుసార్లేగా వచ్చేది" అంది.

ముప్పై నాలుగో వారం.
ఒకే బిడ్డ, తల కిందికే ఉంది.
రక్తపోటు బాగుంది, రక్తం బాగుంది,
రెండో మంత్రసాని వస్తానంది.
అన్ని గడుల్లో టిక్కులు పడ్డాయి.
ఒక్క గడి నోరు తెరుచుకుని చూస్తోంది.

నేను ఈ పనిలోకి దిగిన రోజుల్లో గడులే లేవు.
దొడ్డి తలుపులోంచి వెళ్ళేదాన్ని,
సంచిలో కత్తెర, పైన ఉల్లిపాయలు.
ఎవరడిగినా ఉల్లిపాయలే.
ఒక వాన రాత్రి ఒక తల్లికి నెత్తురు ఆగలేదు.
ఫోనులో ఏం చెప్పాలో తెలుసు.
నేనెవరో చెప్పకుండా ఎలా చెప్పాలో తెలియలేదు.
ఆ తడబాటులో ఎన్ని నిమిషాలు పోయాయో
మా నాన్న గడియారాన్ని అడగలేదు.
ఆవిడ బతికింది.
ఇప్పుడు సంతలో ఎర్ర మిరపకాయలు అమ్ముతుంది,
నాకు తూచాక ఒక గుప్పెడు ఎక్కువ వేస్తుంది.
ఆ గుప్పెడు మాత్రం వండుకోలేను.

ఇదేమీ బోరోకాకి చెప్పలేదు.
"నీ నొప్పులు ఎప్పుడొస్తాయో రైలుకి తెలీదమ్మా" అన్నాను.
కత్తి బల్ల మీద పెట్టింది.
ఏడుస్తుందనుకున్నాను.
ఫోను తీసి ఆడపడుచుకి చేసింది.

ఒర్షోయా ఉండేది పట్నంలో, మూసేసిన రంగుల ఫ్యాక్టరీ వెనక,
రెండో అంతస్తు, ఆస్పత్రికి ఏడు నిమిషాలు.
లిఫ్టు లేదు.
మెట్ల మలుపులో స్ట్రెచరు తిరుగుతుందా అని
చీపురుకర్ర అడ్డంగా పట్టుకుని
ఇద్దరం కిందికి దిగాం, మళ్ళీ ఎక్కాం.
కింది ఇంటాయన తలుపు తీసి చూసి, మూసేశాడు.
కుట్టుమిషను వరండాలోకి వెళ్ళింది.
చెప్పుల అరమర పక్కన ఆక్సిజన్ సిలిండరు నిలబడింది,
పిలవని చుట్టంలా.
"ఇది నా ఇల్లు కాదుగా,
ఇంటి కాన్పు ఎలా అవుతుంది?" అంది బోరోకా.
నేను జవాబు వెతికేలోగా
ఒర్షోయా దిండుకి గలీబు తొడుగుతూ
"నీ ఇల్లే" అంది, తల ఎత్తకుండా.

జనవరి, మంచు, తెల్లవారి నాలుగుంపావు.
ఆడపిల్ల. ముందు తుమ్మింది, తర్వాత ఏడ్చింది.
మాయ పూర్తిగా పడింది. నెత్తురు తూచాను.
సిలిండరు మూత తియ్యలేదు.
దాన్ని చూసి మొదటిసారి ముద్దొచ్చింది.

బాతులకి మేత వేసొస్తానని రాత్రి ఊరెళ్ళిన బాలింట్
నాలుగు ఇరవైకి మెట్లెక్కాడు,
టోపీ నిండా మంచు.
"గేటు పడింది" అన్నాడు.
ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత బోరోకా నవ్వింది,
కుట్లు లేవు కాబట్టి నవ్వగలిగింది.

నేను వంటింటి బల్ల మీద కాగితం పరిచాను.
బిడ్డ పుట్టిన చోటు, అని గడి.
ఒర్షోయా తడి చేతులు గౌనుకి తుడుచుకుని
వీధి పేరు అక్షరం అక్షరం చెప్పింది.
తలుపు నంబరు రెండుసార్లు చెప్పింది.